ఇంటి అప్పు గడువుకన్నా ముందే తీర్చడం ఎలా: మిగిల్చింది అసలుకి చేరాలి

మా ఫ్రిజ్ తలుపుకి ఒక గళ్ళ కాగితం అంటించి ఉండేది. అడ్డంగా 12 గళ్ళు, నిలువుగా 20 వరసలు. గడికో నెల, వరసకో ఏడాది. ఈఎంఐ, అంటే నెలవారీ వాయిదా, కట్టిన రోజు పైనుంచి ఒక గడికి నీలం రంగు వేసేవాళ్ళం. ఈఎంఐ కాక అదనంగా ఏమైనా కడితే అడుగునుంచి, అంటే ఆఖరి నెల నుంచి పైకి, ఎరుపు వేసేవాళ్ళం. మొదట్లో ఆ కాగితం చూసి మా ఆయన నవ్వారు. రెండో ఏడు వచ్చేసరికి ఎరుపు ఎక్కడిదాకా పాకిందో రోజూ లెక్కపెట్టేది ఆయనే.

అప్పు తొందరగా తీర్చే మార్గం అడిగితే అందరూ ఖర్చులు తగ్గించుకోమంటారు. అది సగం మాటే. తగ్గించిన ఖర్చు ఖాతాలోనే పడి ఉంటే నెలాఖరులోపు ఇంకేదో రూపంలో కరిగిపోతుంది. సరదా పోతుంది, అప్పు మాత్రం అలాగే ఉంటుంది. మిగిల్చిన డబ్బుకి అసలు దాకా ఒక కాలువ తవ్వాలి. ఆ కాలువ లేకుండా ఎంత పొదుపు చేసినా కడుపు కట్టుకోవడమే అవుతుంది.

1. మీ అప్పు ఎలా కరుగుతోందో ముందు చూడండి

బ్యాంకు నుంచి వాయిదాల పట్టిక తెప్పించుకోండి. ప్రతి నెలా వడ్డీకి ఎంత పోతోంది, అసలుకి ఎంత జమ అవుతోంది అన్నది అందులో వరసగా ఉంటుంది. లెక్క తేలిగ్గా ఉండటానికి లక్ష అప్పు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ళ గడువు అనుకుందాం. ఏ దేశపు డబ్బైనా లెక్క ఒకటే. మీ అప్పు ఎన్ని లక్షలైతే ఆ అంకెతో గుణించుకోండి.

నెలకి ఈఎంఐ 868. మొదటి నెల అందులో 708 వడ్డీకే పోతుంది. అసలు నుంచి తగ్గేది 160. అయిదేళ్ళపాటు ఒక్క నెల తప్పకుండా కడితే మీ చేతిలోంచి 52 వేలు వెళ్ళాయి, అప్పు మాత్రం ఇంకా 88 వేలు ఉంది. ఈఎంఐలో అసలు వాటా వడ్డీ వాటాని దాటేది 143వ నెలలో, అంటే దాదాపు పన్నెండేళ్ళు కట్టాక. ఇది మోసమేమీ కాదు. మిగిలున్న అసలు మీద వడ్డీ వేస్తారు కాబట్టి, అసలు ఎక్కువగా ఉన్న మొదటి రోజుల్లో వడ్డీ కూడా ఎక్కువే.

అందుకే మొదటి ఏళ్ళలో కట్టిన అదనపు డబ్బుకి అంత బలం. మన లక్ష అప్పులో మొదటి ఏడాది చివర ఒక వెయ్యి అదనంగా కట్టారనుకోండి. చివర్లో అయిదున్నర నెలలకి పైగా ఈఎంఐలు ఎగిరిపోతాయి. వాటి విలువ దాదాపు 4,900. అదే వెయ్యి పదిహేనో ఏడాది చివర కడితే తప్పేది రెండు ఈఎంఐలు కూడా కాదు, 1,500 చిల్లర. మా కాగితం మీద ఈ తేడా కళ్ళకి కట్టేది. మొదటి ఏడాది ఒక చిన్న మొత్తానికి ఎరుపు గళ్ళు అరవరస దాకా నిండేవి. తర్వాత తర్వాత అంతే డబ్బుకి ఒక గడి నిండటం కష్టమయ్యేది.

2. కట్టే ముందు నాలుగు విషయాలు తేల్చుకోండి

ఇంటి అప్పు కన్నా ఎక్కువ వడ్డీ ఉన్న అప్పులు ముందు తీరాలి. క్రెడిట్ కార్డు బాకీ పెట్టుకుని ఇంటి అప్పుకి అదనంగా కట్టడమంటే పెద్ద చిల్లు వదిలేసి చిన్న చిల్లుకి మాట్లు వేయడం.

తర్వాత అత్యవసర నిధి. ఆర్నెల్ల ఇంటి ఖర్చు, ఈఎంఐతో కలిపి, అడిగిన రోజే చేతికొచ్చేలా ఉండాలి. ఇది లేకుండా ఉన్నదంతా అప్పులో పోసేస్తే, ఉద్యోగం పోయిన నెల మీరు ముందే కట్టిన డబ్బులోంచి కాస్త వెనక్కిమ్మంటే మామూలు గృహరుణంలో ఇవ్వరు. కొన్ని బ్యాంకుల్లో అప్పు ఖాతాని పొదుపు ఖాతాతో ముడిపెట్టే రకం దొరుకుతుంది. అందులో వేసిన డబ్బు మేరకు వడ్డీ తగ్గుతుంది, కావాలంటే తీసుకోవచ్చు కూడా. వడ్డీ కాస్త ఎక్కువ ఉంటుంది కాబట్టి, చేతిలో ఎప్పుడూ పెద్ద మొత్తం నిలవ ఉండేవాళ్ళకే అది గిట్టుబాటు.

మూడోది, సంపాదించే మనిషికి అప్పు మొత్తానికి సరిపడా జీవిత బీమా. నాలుగోది ఒప్పందపత్రం: ముందస్తు చెల్లింపు మీద రుసుము ఉందా, ఏడాదికి ఇంతకన్నా ఎక్కువ కట్టకూడదన్న పరిమితి ఉందా, కనీసం ఇంత కట్టాలన్న షరతు ఉందా. స్థిరవడ్డీ అప్పుల మీద రుసుము ఉండే అవకాశం ఎక్కువ.

ఇంకొక్క మాట. ముందే కట్టడం వల్ల మీకు దక్కే లాభం సరిగ్గా మీ అప్పు వడ్డీ రేటంత. పన్నుపోను అంతకన్నా ఎక్కువ వడ్డీ భద్రమైన డిపాజిట్‌లో వస్తోందంటే తొందరపడకండి. మా లెక్కలో అలా రాలేదు, అందుకే కట్టాం.

3. మూడు నెలల లెక్క తీయండి, కొత్తగా రాయొద్దు

ఈ రోజు నుంచి ఖర్చులు రాద్దామని కూర్చుంటే మనం మనకే అబద్ధం చెప్పుకుంటాం. రాస్తున్నామని తెలిసి ఆ నెల బుద్ధిగా ఉంటాం. గడిచిపోయిన మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, కార్డు బిల్లులు ముందేసుకోండి. రంగు పెన్సిళ్ళు తీసుకుని తప్పని ఖర్చుకొక రంగు, తగ్గించగల ఖర్చుకొక రంగు, "ఇది దేనికి కట్టామబ్బా" అనిపించిన ప్రతిదానికీ ఒక రంగు వేయండి. మూడో రంగు చూసి సిగ్గుపడక్కర్లేదు. అందరి ఇళ్ళలోనూ ఉంటుంది. మా ఇంట్లో అయితే ఎవరూ చూడని రెండు చందాలు, ఎవరూ వెళ్ళని ఒక జిమ్ సభ్యత్వం బయటపడ్డాయి. అవి రద్దు చేయడానికి పట్టింది ఒక్క సాయంత్రం.

భార్యాభర్తలిద్దరూ కలిసి కూర్చోవాల్సిన పని ఇది. ఒకరు లెక్క తీసి రెండోవాళ్ళకి చూపిస్తే అది నేరం మోపినట్టు ఉంటుంది.

4. పెద్ద ఖర్చులనే పట్టుకోండి

పొదుపు అనగానే మనవాళ్ళు లైట్లు ఆర్పుతూ ఇల్లంతా తిరుగుతారు. ఆర్పండి, మంచిదే. కానీ ఒక లెక్క చూడండి. 2,000 వాట్ల గీజర్ గంటసేపు కాలితే 2 యూనిట్లు. అవే 2 యూనిట్లతో 9 వాట్ల ఎల్ఈడీ బల్బు 222 గంటలు వెలుగుతుంది. కరెంటు బిల్లులో వెలుతురు వాటా చిన్నది. వేడి చేసేవీ, చల్లబరిచేవే ఎక్కువ తినేస్తాయి. 15 లీటర్ల నీళ్ళని 25 డిగ్రీల మేర వేడెక్కించడానికి కావలసింది అర యూనిట్ కన్నా తక్కువే, సుమారు 0.44 యూనిట్. మిగతాది చాలావరకు అవసరానికి మించి కాచడం వల్లా, కాచిన నీళ్ళు వాడకుండా చల్లారనివ్వడం వల్లా పోయేదే. గీజర్ ఎప్పుడు వేయాలి, ఎప్పుడు ఆపాలి అన్నది ఇంట్లో ఒకరి పని అని ఖాయం చేస్తే చాలు. బట్టలు ఉతికే మిషన్లో వేడినీళ్ళ మీట మురికి బట్టలకి మాత్రమే. ఏసీ ఉంటే ఒకటి రెండు డిగ్రీలు పెంచి, ఫ్యాను తోడు పెట్టి చూడండి.

నీళ్ళ విషయంలో కారే కుళాయి. క్షణానికో చుక్క చొప్పున కారితే ఏడాదికి వేల లీటర్లు పోతాయి. దానికి కావలసింది ఒక చిన్న వాషరు. మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకు లోలోపల కారుతోందేమో కంటికి తెలియదు. ట్యాంకులో కాస్త రంగు కలిపి, అరగంటసేపు ఎవరూ ఫ్లష్ చేయకుండా చూడండి. కింద గిన్నెలో రంగు కనిపిస్తే లోపల వాల్వు అరిగినట్టే.

వంటింటి దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను. అక్కడ మిగిలేంత డబ్బు ఇంకెక్కడా మిగలదు. తక్కువ ధరకి కొనడం వల్ల మిగిలేదానికన్నా, కొన్నది పారేయకపోవడం వల్ల మిగిలేది ఎక్కువ. మా ఫ్రిజ్‌లో కళ్ళకెదురుగా ఉండే అరలో ఒక పసుపు రంగు డబ్బా పెట్టాం. దాని మీద "ముందు ఇవి" అని మావాడి చేతిరాత. సగం తరిగి వదిలేసిన కూరగాయలు, నిన్న మిగిలింది, గడువు దగ్గరపడ్డ పాల పాకెట్టు, అన్నీ అందులోకే. వంట మొదలుపెట్టే ముందు ఆ డబ్బా తెరవాలి. ఏం వండాలన్నది మన ఇష్టం కాదు, డబ్బా ఇష్టం. మొదట వారం విసుగొచ్చింది. నెల తిరిగేసరికి చెత్తబుట్ట బరువు తగ్గింది, బజారు సంచీ కూడా తేలికైంది.

ఫ్రిజ్ లోపల 4 డిగ్రీల సెల్సియస్, ఫ్రీజర్ మైనస్ 18 ఉండాలి. అంతకన్నా వేడిగా ఉంటే సరుకు తొందరగా పాడవుతుంది, మరీ చల్లగా పెడితే కరెంటు దండగ. లోపల మామూలు థర్మామీటరు ఒకటి పెట్టి చూసుకోండి, తలుపు మీద ఉన్న అంకెలు చాలాసార్లు డిగ్రీలు కావు. సరుకులకి వెళ్ళేముందు అరలు ఫొటో తీసుకోండి. ఇంట్లో ఉన్నదే మళ్ళీ కొనే అలవాటు ఆ ఒక్క ఫొటోతో పోతుంది. పెద్ద పాకెట్టు చవక అన్న నమ్మకం కూడా వదిలేయండి. బరువుతో భాగించి చూస్తే ఒక్కోసారి చిన్నదే చవక. పెద్దది సగం పురుగు పడితే ఇక చెప్పేదేముంది.

బయట తినడం పూర్తిగా మానొద్దు. ఎప్పుడో ముందే అనుకుని వెళ్ళండి. అలసిపోయిన రాత్రి ఫోన్లో తెప్పించుకున్న భోజనమే బిల్లు పెంచేది. అలాంటి రాత్రుల కోసం పది నిమిషాల్లో అయిపోయే వంటకం ఒకటి, దాని సరుకులతో సహా, ఎప్పుడూ ఇంట్లో ఉండేలా చూసుకోండి.

రెండో బండి ఉంటే అది నిజంగా కావాలో లేదో ఒక్క నెల తాళాలు బీరువాలో పెట్టి చూడండి. ఇంధనం ఒక్కటే కాదు, బీమా, సర్వీసు, ఏటేటా పడిపోయే విలువ కూడా దాని ఖర్చే.

5. మిగిలిన డబ్బుకి దారి వేయండి

జీతం పడిన మర్నాడే ఒక మొత్తం వేరే ఖాతాకి దానంతట అదే వెళ్ళేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వండి. ఆ ఖాతాకి కార్డు వద్దు, ఫోన్లో చెల్లింపుల యాప్‌తో ముడి వద్దు. మొత్తం ఎంత ఉండాలంటే, ఈఎంఐలో పదోవంతుతో మొదలుపెట్టండి. మన లక్ష లెక్కలో నెలకి 87 అదనం. అంతమాత్రానికే 20 ఏళ్ళ అప్పు 16 ఏళ్ళలో తీరుతుంది, వడ్డీలో 25 వేలు మిగులుతాయి. అదీ కష్టమైతే ఏడాదికొకసారి ఒక ఈఎంఐ అదనంగా కట్టండి. మూడేళ్ళకి పైగా తగ్గుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకొకటి. జీతం పెరిగినప్పుడల్లా కట్టేది పెంచడం. ఏటా 5 శాతం చొప్పున పెంచుకుంటూ పోతే అదే 20 ఏళ్ళ అప్పు 12 ఏళ్ళ 3 నెలల్లో అయిపోతుంది. పెరిగిన జీతం ఇంకా చేతికి అలవాటు కాకముందే పక్కకి తీస్తాం కాబట్టి ఏదీ తగ్గించుకున్నట్టు అనిపించదు.

రద్దు చేసిన చందా, తగ్గిన కరెంటు బిల్లు లాంటివి కూడా ఆ ఖాతాకే పంపండి, అదే రోజు. మొత్తం మరీ చిన్నదైనా సరే. పోయిన నెల బిల్లుకీ ఈ నెల బిల్లుకీ తేడా ఎంతో చూసి, మావాడు ఆ అంకె చెప్పేవాడు, నేను పంపేదాన్ని. బోనస్‌లాంటి పెద్ద మొత్తాలు వస్తే మూడొంతులు అప్పుకి, ఒక వంతు ఇంటి సంతోషానికి. ఆ ఒక వంతు ఎగ్గొట్టకండి.

6. కట్టేటప్పుడు కాగితం మీద రాసి ఇవ్వండి

ఇక్కడే మేం దెబ్బతిన్నాం. మొదటిసారి కాస్త పెద్ద మొత్తం కట్టి, రసీదు తీసుకుని, ఆ రాత్రి గళ్ళ కాగితం మీద సంబరంగా ఎరుపు వేసేశాం. ఏడు నెలల తర్వాత పాసుబుక్ చూస్తే ఈఎంఐ తగ్గింది, గడువు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. నెలనెలా మిగిలిన ఆ కాస్త డబ్బు ఇంటి ఖర్చులో కలిసిపోయింది కూడా. తప్పు మాదే. ఏది కావాలో మేం చెప్పలేదు, వాళ్ళు అడగలేదు.

అదనంగా కట్టినప్పుడు బ్యాంకు రెండు రకాలుగా సర్దవచ్చు. గడువు అలాగే ఉంచి ఈఎంఐ తగ్గించవచ్చు, లేదా ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గించవచ్చు. వడ్డీ ఎక్కువ మిగిలేది రెండోదానిలో. "ఈ మొత్తాన్ని అసలుకి జమ చేసి, ఈఎంఐ మార్చకుండా, గడువు తగ్గించగలరు" అని రాసి సంతకం పెట్టి ఇవ్వండి. ఆన్‌లైన్లో అయితే ఆ ఎంపిక ఉన్న పేజీని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. వారం తర్వాత కొత్త వాయిదాల పట్టిక తెప్పించి చివరి తేదీ చూడండి. ఆ తేదీ ఇంకా దగ్గరికి రాకపోతే మీ డబ్బు వచ్చే నెల ఈఎంఐకి ముందస్తుగా జమ అయ్యిందేమో అడగండి. అదీ జరుగుతుంటుంది.

మా కాగితం మీద ఆ ఎరుపు చెరపలేకపోయాం. తెల్ల కాగితం ముక్కలు కత్తిరించి గళ్ళ మీద అంటించాం.

7. వడ్డీ రేటు మీద కన్ను

మారే వడ్డీ అప్పు అయితే రేటు పెరిగినప్పుడు బ్యాంకులు చాలాసార్లు ఈఎంఐ జోలికి పోకుండా గడువు పెంచేస్తాయి. ఖాతాలోంచి పోయేది అంతే కాబట్టి మనకి తెలియదు. మన లెక్కలో 8.5 కాస్తా మొదట్లోనే 9.5 అయితే, అదే ఈఎంఐతో 20 ఏళ్ళది దాదాపు 26 ఏళ్ళవుతుంది. ఆరు నెలలకోసారి చివరి వాయిదా తేదీ చూసుకోండి. అది ఇంకా దూరం జరిగితే ఈఎంఐ పెంచమని మీరే అడగండి. కొత్త ఖాతాదారులకి తక్కువ రేటు ఇస్తుంటే అదే రేటు మీకూ ఇమ్మని అడగడంలో తప్పులేదు. ఇవ్వకపోతే వేరే బ్యాంకుకి మార్చుకోవచ్చు. అయితే ఆ ఖర్చులన్నీ కలిపి లెక్కవేయండి. అప్పు మొదటి సగంలో ఉంటే తరచూ గిట్టుతుంది, చివరి ఏళ్ళలో అంతగా గిట్టదు.

8. పొదుపు చేయకూడని చోట్లు

ఒక వానాకాలం పైకప్పు మూలన చెమ్మ కనిపించింది. "ఈ ఏడు కట్టేసి వచ్చే ఏడు చూద్దాం" అన్నాను. నేనే అన్నాను. వచ్చే ఏడుకి పెచ్చులూడి, లోపలి ఇనుము తుప్పు పట్టి, గోరుతో పోయేది గొడ్డలిదాకా వచ్చింది. ఆ మరమ్మతుకి అయిన డబ్బుతో ఎరుపు ఒక వరస నిండేది. ఇల్లు మనదవ్వాలని అప్పు కడుతూ ఆ ఇంటినే పాడుపెట్టుకోవడం ఏం తెలివి! కారే చోట్లు, కరెంటు తీగలు, దంతాలు, కళ్ళజోడు, బీమా వాయిదాలు, వీటి దగ్గర వాయిదా వేయకండి.

ఇంట్లో ప్రతి మనిషికీ లెక్క అడగని ఖర్చు కొంత ఉండాలి. మా ఆయనకి పుస్తకాలు, నాకు మొక్కలు, మావాడికి వాడిష్టం. ఎంత అన్నది ముందే అనుకోండి, దేనికి అని మాత్రం అడగొద్దు. ఇది లేని ఇళ్ళలో పొదుపు ఆరు నెలలు కూడా నిలవడం నేను చూడలేదు.

9. అప్పు తీరిన రోజు

చివరి మొత్తం ఎంతో బ్యాంకునే రాసివ్వమనండి, ఏ తేదీ వరకు చెల్లుతుందో కూడా. రోజువారీ వడ్డీ వల్ల ఒక్కరోజు దాటినా కొద్ది మొత్తం బాకీ మిగిలి ఖాతా మూతపడదు. కట్టాక ఈఎంఐ కోసం ఇచ్చిన ఆటోమేటిక్ చెల్లింపు ఆదేశం రద్దు చేయించండి. బాకీ ఏమీ లేదన్న ధ్రువపత్రం తీసుకోండి. ఇంటి మీద బ్యాంకు పేరున నమోదైన తాకట్టు ప్రభుత్వ రికార్డుల్లోంచి తీయించండి. ఇది వాళ్ళు చేస్తారా, మీరు చేసుకోవాలా అన్నది అడిగి తెలుసుకోండి. ఒకట్రెండు నెలలు ఆగి మీ క్రెడిట్ రిపోర్టులో ఆ అప్పు "మూసివేయబడింది" అని పడిందో లేదో చూడండి.

అసలు పత్రాలు తీసుకునేటప్పుడు తొందరపడకండి. అప్పు తీసుకున్న రోజు మీరిచ్చిన పత్రాల జాబితా ఒకటి బ్యాంకు ముద్రతో మీ దగ్గర ఉంటుంది. దాన్ని వెంట తీసుకెళ్ళండి. మేం కౌంటర్ దగ్గరే కూర్చుని ఒక్కో కాగితం తీసి, పేజీలు లెక్కపెట్టి, జాబితాలో టిక్కు పెట్టుకున్నాం. ఒక పాత పటం కనిపించలేదు. వెతికించాం, గంట పట్టింది, ఇంకెవరిదో ఫైల్లో దొరికింది. అది చేతికొచ్చాకే అందినట్టు సంతకం పెట్టాం.